నీటిలో మునిగిన మోటారు: దాని విద్యుద్దోషములను కనుగొను విధము

ఆయిలు ఇంజనులు పోయి విద్యుచ్ఛక్తి మోటారులు వచ్చిన తొలిదినములలో మోటారు గట్టుమీదనే యుండెడిది. పొగ వచ్చినను, మాడువాసన వచ్చినను, బేరింగు అరచినను రైతు వెంటనే గ్రహించెడివాడు. నేడు మన మెట్ట గ్రామములలో మోటారు బోరుబావి యందు రెండువందల, మూడువందల అడుగుల లోతున నీటిలో మునిగియున్నది. దానిని చూచుటకు వీలులేదు. ముట్టి చూచుటకును వీలులేదు. అది నిలిచిపోయిన దినమున రైతు చేయునది సాధారణముగ నొక్కటే: మనుష్యులను, బండిని పిలిపించి పైపులన్నియు పైకి లాగించుట. లాగిన పిమ్మట మోటారు నిర్దోషముగ నుండి, స్టార్టరులోని తీగకొన యొకటి మాడియుండుట నేను పలుమారులు చూచితిని. ఆ కూలి, ఆ రెండు దినముల కాలము, ఆ నడుమ ఎండిన పైరు తిరిగి రావు.

మోటారును లాగక పూర్వమే దోషము పైననున్నదో క్రిందనున్నదో తెలిసికొను మార్గము కలదు. అది కొంచెము చెప్పి, ఆ దోషము మనుష్యుని ప్రాణము తీయకుండ కాపాడుకొను విధమును తరువాత చెప్పెదను. రెండవదే ముఖ్యమైనను, మొదటిది తెలియనిచో అది సరిగ బోధపడదు.

నీరు, కరెంటు ఒకచోట ఎట్లు ఇముడునని అడుగు రైతులు గలరు. మన బోరుబావి మోటారులు పెక్కింటిలో లోపల గాలి గాదు, నీరే నిండియుండును. దించుటకు ముందు శుభ్రమైన నీటిని లోనికి పోసి, గాలిబుడగలు పోయిన పిమ్మట బిరడా బిగింపవలెనని కంపెనీవారు వ్రాయుట ఇందులకే. ఆ నీరు వైండింగును చల్లపరచి, బేరింగులకు నూనెవలె ఉపకరించును. వైండింగు తీగకు చుట్టిన ప్లాస్టికు పొర యొక్కటే కరెంటునకు నీటికి నడుమ గల గోడ. ఆ గోడ చెడు తావులు మూడు: మోటారు వేడెక్కినప్పుడు వైండింగు పొర, మోటారు నుండి వచ్చు పొట్టి తీగకు కేబులు అతికిన చోటు, దించునప్పుడు కేసింగు అంచునకు ఒరసికొనిన కేబులు తొక్క. ఈ మూటిలో అతుకు చెడుటయే ఎక్కువ.

మోటారు నడువనప్పుడు మొట్టమొదట చూడవలసినది వచ్చు కరెంటు. మూడు ఫేజులలో ఏ రెంటి నడుమ కొలిచినను 415 వోల్టులు గాని, దానికి కొంచెము ఇటునటుగ గాని యుండవలెను. టెస్టరులోని చిన్న దీపము మూడు తీగలమీదను వెలిగినంత మాత్రమున మూడు ఫేజులు ఉన్నవని నమ్మరాదు. ఒక ఫేజు తెగినను, అదే లైనుమీద నున్న ఇతరుల మోటారుల వైండింగు గుండ కరెంటు వెనుకకు వచ్చి ఆ తెగిన తీగమీద గూడ దీపము వెలుగును. వోల్టుమీటరు చెప్పిన మాటయే మాట. వోల్టేజి తక్కువయైనచో మోటారు బలము తగ్గుట ఆ తగ్గిన పాళ్లలో గాక దాని వర్గము చొప్పున జరుగును. 415 నకు బదులు 350 వోల్టులే వచ్చినచో తిరుగు బలము నూటికి 71 వంతులకు దిగిపోవును. మోటారు మూలుగుచు, లేవలేక, కరెంటును మాత్రము అధికముగ త్రాగుచుండును.

ఇట్లు వోల్టేజి పడిపోవుటకు మనమే కారణమగు సందర్భమొకటి కలదు. అది ఆటో స్టార్టరు. కరెంటు పోయి వచ్చిన క్షణముననే ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింద నున్న మోటారులన్నియు ఒక్కమారుగ లేవజూచును. లేచునప్పుడు ప్రతి మోటారును తన మామూలు కరెంటునకు అయిదారు రెట్లు కోరును. ట్రాన్స్‌ఫార్మరు దానికి తాళజాలదు. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీన వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ఆరంభించినప్పుడు అధికారులు ఆటో స్టార్టర్లను తీసివేయుడని రైతులను కోరుటకు ఇదియు నొక హేతువు. అవసరము లేని వేళ నీరు తోడబడుట మరియొక హేతువు.

ఫేజు యొకటి పోయినచో ఏమగును? నిలిచియున్న మోటారు లేవదు, గుయ్యని మూలుగును. కాని తిరుగుచున్న మోటారు తిరుగుచునే యుండును, ఇదియే అపాయము. మూడు తీగలు మోయవలసిన బరువును రెండు తీగలు మోయును గనుక వానిలో కరెంటు సుమారు 1.73 రెట్లగును. 8 ఆంపియర్లు పోవలసిన తీగలో 14 ఆంపియర్లు పోవును. ఓవర్‌లోడు రిలే యున్నది ఇందుకొరకే. కొందరు రిలే మాటిమాటికి పడుచున్నదని దానిని పైకి త్రిప్పివేయుదురు; మరికొందరు స్టార్టరు బొత్తమునకు పుల్ల చెక్కి నిలుపుదురు. కాపలాకుక్క అరచుచున్నదని దాని నోరు కట్టిన యజమానునకు వీరికి భేదము లేదు. కెపాసిటరు పెట్టె తగిలించి రెండు ఫేజులమీద మోటారు నడుపు అలవాటును గూడ నేను మెచ్చను. నీరు వచ్చుట నిజమే. ఆ నీటి వెల వైండింగు చుట్టించినప్పుడు తెలియును.

మోటారు నడచుచు రిలే పడుచున్నచో, టాంగు టెస్టరుతో మూడు తీగలలోని కరెంటును విడివిడిగ కొలువవలెను. మూడును సమానముగ ఎక్కువైయున్నచో వోల్టేజి తక్కువ గాని, పంపులో ఇసుక పట్టి బిగిసియుండుట గాని కారణము. మూడును సమానముగ తక్కువైయున్నచో నీటిమట్టము దిగి పంపు గాలి త్రాగుచున్నది, లేదా మోటారునకు పంపునకు నడుమ కలయిక తెగినది. నీరు మాత్రము తగ్గి పోయుచున్నచో మోటారు వెనుకకు తిరుగుచుండవచ్చును. లైనుమీద పని జరిగిన మరుదినము ఇట్లగుట వింతగాదు; ఏ రెండు ఫేజులనైనను తారుమారు చేసినచో సరియగును.

మూడు తీగలలో కరెంటు అసమానముగ నున్నప్పుడు దోషము సరఫరాలో నున్నదా, మోటారులో నున్నదా అను సందేహము కలుగును. దీనికి చక్కని ఉపాయమున్నది. మెయిను ఆపి, మోటారునకు పోవు మూడు తీగలను స్టార్టరులో ఒక్కొక్క మెట్టు జరుపవలెను: మొదటి దానిని రెండవ చోట, రెండవ దానిని మూడవ చోట, మూడవ దానిని మొదటి చోట. ఇట్లు మూటిని గలిపి జరిపినచో తిరుగు దిక్కు మారదు. మరల నడిపి కొలిచినప్పుడు ఎక్కువ కరెంటు అదే ఫేజున నిలిచియున్నచో దోషము సరఫరాది. మోటారు తీగతోపాటు జరిగిపోయినచో దోషము కేబులులోనో మోటారులోనో యున్నది. ఈ పరీక్షకు ఖర్చు లేదు, అరగంట కాలము చాలును.

ఇక మోటారు బొత్తిగ లేవనప్పుడు: మెయిను స్విచ్చు ఆపి, ఫ్యూజులు ఊడదీసి జేబులో వేసికొని, తీగలలో కరెంటు లేదని మీటరుతో నిర్ధారణ చేసికొనిన పిమ్మట, బోరులోనికి పోవు కేబులును స్టార్టరు నుండి విప్పవలెను. ఇప్పుడు పైభాగము, క్రిందిభాగము వేరైనవి. మల్టీమీటరుతో కేబులు మూడు కొనలలో రెండేసి చొప్పున కొలువగా మూడు జతల నిరోధమును సమానముగ నుండవలెను. ఒక కొనతో కొలిచిన రెండు జతలలోను ఏమియు చూపకున్నచో ఆ తీగ తెగినది. అంకెలు మిక్కిలి భేదించినచో వైండింగు కొంత మాడినది. తరువాత 500 వోల్టుల మెగ్గరుతో ఒక్కొక్క కొనను ఎర్తుతో పరీక్షింపవలెను. క్రొత్త మోటారు అనేక మెగోములు చూపును. పాతదైనను 1 మెగోము కన్న దిగినచో నడుపరాదు. సున్న చూపినచో పొర చినిగి కరెంటు నీటితో కలిసినదనుట నిశ్చయము. ఈ రెండు పరీక్షలును సరియైనచో మోటారును లాగు పనిలేదు. స్టార్టరులో గాని, పైతీగలలో గాని వెదకవలెను.

లాగవలసి వచ్చినచో, లాగిన వెంటనే మోటారును షాపునకు పంపరాదు. అతుకును కత్తిరించి, కేబులును వేరుగ, మోటారును వేరుగ మెగ్గరుతో చూడుడు. పెక్కుమారులు చెడినది అతుకే. అతుకు వేయునప్పుడు మూడు తీగల ముడులు ఒకదాని ప్రక్కన నొకటి రాకుండ మెట్లుమెట్లుగ కత్తిరించి, ఒక్కొక్క దానిని గొట్టపు ముక్కతో నొక్కించి లేదా టంకము పెట్టి, సాగునట్టి రబ్బరు టేపును లాగి చుట్టి, దానిపై ప్లాస్టికు టేపును చుట్టవలెను. కేవలము ప్లాస్టికు టేపుతో సరిపుచ్చుట ఎండలోని తీగకు చెల్లును గాని నీటిలోని తీగకు చెల్లదు. దించక పూర్వము ఆ అతుకును ఒక గంటసేపు బకెట్టు నీటిలో ముంచి మెగ్గరు పెట్టి చూచుట మంచిది. బకెట్టులో కారినది బోరులో కారక మానదు.

ఇంతవరకు మోటారు సంగతి. ఇక మనుష్యుని సంగతి.

పొర చినిగిన మోటారు ఒక్కొక్కప్పుడు ఆగిపోదు. నీరు పోయుచునే యుండును. కేసింగు పైపునకు, ఇనుప స్టార్టరు పెట్టెకు, డెలివరీ గొట్టమునకు కరెంటు దిగుచుండును. రైతు "పెట్టె కొంచెము జిల్లుమనుచున్నది" అని చెప్పుకొనుచు చెప్పులు తొడిగికొని బొత్తము నొక్కును. వర్షము పడి కాలు తడిసిన రాత్రి ఆ కొంచెము చాలును. లెక్క చూడుడు. తడిసిన చేయి, తడిసిన వట్టికాలు గల మనుష్యుని శరీర నిరోధము సుమారు 1,000 ఓములు. 240 వోల్టుల క్రింద అతని గుండ పోవునది 240 మిల్లీ ఆంపియర్లు. 10 మొదలు 16 మిల్లీ ఆంపియర్లు వచ్చునప్పటికే చేతి కండరములు బిగిసి, పట్టినది విడువలేని స్థితి కలుగును. 50 నుండి 100 మిల్లీ ఆంపియర్లు కొలది క్షణములు రొమ్ము గుండ పోయినచో గుండె కొట్టుకొను క్రమము తప్పును.

ఫ్యూజు ఉన్నదిగదా యందురు. ఫ్యూజు మోటారునకు, తీగకు కాపు, మనుష్యునకు గాదు. ఎర్తు ఉన్నదిగదా యందురు. ఆ ఎర్తు ఎట్టిది? ఎండిన నేలలో గుచ్చిన కడ్డీ నిరోధము 40 ఓములైనచో, 240 వోల్టుల క్రింద దాని గుండ పోవునది 6 ఆంపియర్లు మాత్రమే. 15 ఆంపియర్ల ఫ్యూజు దానిని గమనింపనే గమనింపదు. పెట్టె మాత్రము కరెంటుతో నిండి, ముట్టువాని కొరకు వేచియుండును.

ఈ చిక్కునకు విరుగుడు పుట్టిన కథ వినదగినది. అమెరికా దేశమున ఇండ్ల యొద్ద ఈతకొలనులు విరివిగ గలవు. వాని గోడలలో నీటిమట్టమునకు దిగువ దీపములను అమర్చుదురు. దీపపు గాజు చుట్టునుగల రబ్బరు వలయము చెడినచో నీరు లోనికి దూరి, కరెంటు కొలనులోనికి దిగును; ఈదువాడు చచ్చును. మన బోరు మోటారు జబ్బే యిది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ కళాశాలలో ఆచార్యుడైన ఛార్లెస్ డాల్జియల్ అనునతడు మనుష్యుడు ఎంత కరెంటు వరకు పట్టినది విడువగలడో ఏండ్లతరబడి పరీక్షించి, 1961 సంవత్సరమున నొక సాధనమును కనిపెట్టెను. ఆ దేశపు విద్యుత్ నియమావళి 1968లో దీనిని మొట్టమొదట విధించినది నీటిలోని కొలను దీపములకే. అక్కడ దీపము వెలుగనప్పుడు పనివాడు మెయిను ఆపి, ముందుగ ఈ సాధనమును, పిదప గట్టుమీది అతుకు పెట్టెను, చివరకు దీపమును చూచును. దీపపు తీగను లోపల చుట్టగ చుట్టి విడుతురు గనుక కొలను తోడకయే దీపమును గట్టుమీదికి తెచ్చి విప్పవచ్చును. అతుకు నీటిలో నుండదు, గట్టుమీదనే యుండును. పెక్కు కొలనులలో 12 వోల్టుల దీపములనే వాడుదురు. మనకు 12 వోల్టులతో నీరు తోడుట గాని, అతుకును గట్టున నుంచుట గాని సాధ్యము గాదు. కాని ఆ సాధనము మనకును దొరకును. దానిని ఆర్‌సీసీబీ యందురు. అంగళ్లలో ఈఎల్‌సీబీ యని అడిగినను ఇత్తురు.

అది పనిచేయు విధము సులభమైనది. మోటారునకు పోవు తీగలన్నియు ఒక ఇనుప వలయము గుండ పోవును. పోయిన కరెంటంతయు ఆ తీగలలోనే తిరిగి వచ్చుచున్నంత వరకు మొత్తము సున్న. అందులో 30 మిల్లీ ఆంపియర్లు నీటిలోనికో, నేలలోనికో, మనుష్యునిలోనికో దారి తప్పినచో లెక్క సరిపడక సాధనము కనురెప్పపాటు కన్న తక్కువ కాలములో కరెంటును ఆపివేయును. మూడు ఫేజులకు నాలుగు పోల్సుది కొనవలెను. పరీక్షా బొత్తము పనిచేయుటకు సాధారణముగ న్యూట్రలు తీగను గూడ దానికి కలుపవలసియుండును. నెలకొకమారు ఆ బొత్తము నొక్కి, పడుచున్నదో లేదో చూడవలెను. ఇది మాటిమాటికి పడుచున్నచో సాధనమును నిందించి తీసివేయువారు గలరు. అది పడుట మోటారు కారుచున్నదని చెప్పుటయే. మెగ్గరు తెప్పించుడు.

ఇది యున్నది గదాయని ఎర్తును మానరాదు. ఎర్తు ఉన్నచో మనుష్యుడు ముట్టక పూర్వమే ఆ కరెంటు నేలలోనికి పోయి సాధనము పడును. లేనిచో మనుష్యుడే ఎర్తగును. 40 మిల్లీమీటర్ల వ్యాసము, 2.5 మీటర్ల పొడవు గల గాల్వనైజ్డు గొట్టమును నిలువుగ పాతి, చుట్టు బొగ్గు, ఉప్పు వేసి, స్టార్టరు పెట్టెకు రెండు వేర్వేరు తీగలు బిగింపవలెను. వేసవిలో గుంట ఎండిపోవును గనుక అప్పుడప్పుడు రెండు బిందెల నీరు పోయవలెను.

దిగుడు బావులలోను, చేపల రొయ్యల చెరువులలోను మోటారులు దించువారికి ఒక మాట. మోటారు నడచుచుండగ నీటిలోనికి ఎవ్వరును, ముఖ్యముగ ఈతకు వచ్చు పిల్లలు, దిగరాదు. మంచినీరు ఉప్పునీటి కన్న మంచి కరెంటు వాహకము గాదు. మనుష్య శరీరమే దానికన్న మంచి వాహకము. కావున మంచినీటిలో కరెంటు శరీరము గుండ పోజూచును. కాళ్లుచేతులు కదలక మనుష్యుడు మునిగిపోవును. చూచువారు ఈత రాక మునిగెనని తలచి తామును దూకుదురు. ఒకని వెంట నొకడు ఇట్లే పోయిన ఘటనలు గలవు. మొదట మెయిను ఆపుడు. అది దూరమైనచో పొడి వెదురుతోనో, పొడి త్రాటితోనో లాగుడు. బయటికి తీసినవానికి ఊపిరి ఆడకున్నచో, 108 నకు ఫోను చేయించి, రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై నొకటి ఉంచి రెండంగుళముల లోతు దిగునట్లు నిమిషమునకు 100 మొదలు 120 సార్లు బండి వచ్చువరకు నొక్కవలెను. మునిగినవానికి ఊపిరి ఊదుటయు అవసరము; అది నేర్చినవారు ముప్పది నొక్కుల కొకమారు రెండు ఊపిరులు ఊదవలెను. ఇది నేర్చుకొనిన యువకులు ప్రతి గ్రామమున నలుగురైన నుండవలెను.

ట్రాన్స్‌ఫార్మరు యొద్ద ఫ్యూజు వేయుట రైతు పనిగాదు. లైన్‌మాన్ రాలేదని కోపము రావచ్చును, మడి ఎండుచుండవచ్చును, ఏబీ స్విచ్చు దించినట్లు కనబడినను ఒక కత్తి అంటుకొనియే యుండవచ్చును. 1912 నకు ఫోను చేసి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొని, వేచియుండుడు.

మెగ్గరును, టాంగు టెస్టరును ప్రతి రైతును కొననక్కరలేదు. సంఘమున కొక జత కొని కార్యాలయమున నుంచుకొని, సభ్యులలో విద్యుత్పని తెలిసిన ఒకరిచే వేసవికి ముందొకమారు, వానలు వెనుదిరిగిన పిమ్మట ఒకమారు ప్రతి మోటారును పరీక్షింపజేయవచ్చును. కొలిచిన అంకెలను, తేదీని స్టార్టరు పెట్టె మూత లోపల కాగితముమీద వ్రాసి అంటింపుడు. 20 మెగోములుండినది 8 అయి, 8 మరుసటి పరీక్షకు 2 అయినచో, మోటారు ఆగకమునుపే, పైరు పొట్టకు రాకమునుపే, తీరికగల దినమున లాగించుకొనవచ్చును.